'ది గ్రేట్ సైలెన్స్': రెండు ముగింపులు, రెండుగా చీలిన ప్రేక్షకులు – ఉద్దానం వైపు నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇటలీ దర్శకుడు సెర్జియో కోర్బుచ్చి 1968లో తీసిన 'ది గ్రేట్ సైలెన్స్' వెస్టర్న్ చిత్రాల్లో దారి తప్పిన చిత్రం. ఎడారి స్థానంలో మంచు, మాటకారి వీరుడి స్థానంలో మూగవాడు, చివరి గెలుపు స్థానంలో సామూహిక హత్య ఇందులో కనిపిస్తాయి. ఈ ముగింపు విషయంలో ప్రేక్షకులు మొదటి నుంచీ రెండుగా చీలారు. ఈ చీలికను అభిరుచి భేదంగా చూడటం సరిపోదనీ, న్యాయం జరగవలసిన పద్ధతిలోనే అన్యాయం జరిగినప్పుడు ప్రేక్షకుడు ఎక్కడ నిలబడతాడన్న ప్రశ్న దాని వెనుక ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ ప్రశ్నను పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల చరిత్ర, కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథ, తెలుగు కౌబాయ్ చిత్రాలు, 'పలాస 1978' చిత్రం ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వెస్టర్న్, కోర్బుచ్చి, ముగింపు, చట్టం, ఉద్దానం, యజ్ఞం, మోసగాళ్ళకు మోసగాడు, పలాస 1978

1. ప్రవేశిక

వెస్టర్న్ అమెరికా సొంత పురాణం. దానిని అమెరికా బయట, అమెరికాను చూడకుండానే తీసినవారు ఇటలీ దర్శకులు. 1960లలో సెర్జియో లియోనె చిత్రాలు ప్రపంచమంతా ఆడిన తరువాత ఈ రకం చిత్రాలకు 'స్పగెట్టి వెస్టర్న్' అన్న పేరు స్థిరపడింది. ఆ పేరులో కొంత వెటకారం ఉంది. పరాయివాడు వండిన వంట అన్న చిన్నచూపు అది. అయితే పరాయివాడికి ఒక సౌలభ్యం ఉంటుంది. ఇంటివాడు పూజించే విగ్రహం వెనుక భాగం అతనికి కనబడుతుంది. కోర్బుచ్చి అటువంటి పరాయివాడు. 1966లో 'జాంగో' తీసి పేరు పొందిన ఆయన, రెండేళ్ళ తరువాత 'ది గ్రేట్ సైలెన్స్' తీశాడు. మూలంలో దీని పేరు 'ఇల్ గ్రాండే సిలెంజియో'. ఇది ఇటలీ, ఫ్రాన్సుల ఉమ్మడి నిర్మాణం. ఫ్రెంచి నటుడు జాఁ లూయీ త్రాంతిన్యాఁ నాయకుడు. జర్మన్ నటుడు క్లాస్ కిన్‌స్కీ ప్రతినాయకుడు. సంగీతం ఎన్నియో మొరికోనె.

ఈ చిత్రం ఆనాడు ఉద్దానంలో ప్రదర్శితమైందన్న వాదన ఈ వ్యాసంలో లేదు. ఒక ప్రాంతపు అనుభవాన్ని గీటురాయిగా పెట్టి ఒక పరదేశ చిత్రాన్ని చదివితే, ఇతర చోట్ల అర్థం కాక మిగిలినది ఏమైనా తేటపడుతుందేమో చూడటమే ఇక్కడి ప్రయత్నం. ఉద్దానాన్నే ఎంచుకోవటానికి కారణాలు వ్యాసంలో క్రమంగా తెలుస్తాయి. వాటిలో ఒకటి కాలం. ఈ చిత్రం ఇటలీలో విడుదలైన 1968 నవంబరు నెల శ్రీకాకుళం జిల్లా చరిత్రలో కూడా ఒక మలుపు.

2. మంచులో నడిచే కథ

కథాస్థలం యూటా రాష్ట్రంలోని స్నో హిల్ అనే ఊరు. కాలం 1898 నాటి గడ్డు శీతకాలం. ఆకలి తట్టుకోలేక దొంగతనాలకు దిగిన పేదలు ఊరు విడిచి కొండల్లో తలదాచుకుంటారు. ఊళ్ళో పాలికట్ అనే వడ్డీ వ్యాపారి ఉంటాడు. న్యాయాధికారి పదవి కూడా అతనిదే. కొండలకు పోయినవారి తలల మీద అతడు వెలలు ప్రకటింపజేస్తాడు. ఆ వెలల కోసం వేటగాళ్ళు దిగుతారు. వారిలో ముఖ్యుడు లోకో. చంపిన శవాలను మంచులో దాచుకుని, తీరిక చూసుకుని పోగుచేసి, లెక్క చెప్పి సొమ్ము తీసుకునే మనిషి. కేకలు వేయడు, కోపపడడు. ఖాతా పుస్తకంలో పేర్లు రాసుకుంటాడు. కిన్‌స్కీ ఈ పాత్రను ఇంత చల్లగా, ఇంత మర్యాదగా నటించటమే చిత్రానికి సగం బలం.

లోకో చేతిలో భర్తను పోగొట్టుకున్న పాలీన్ అనే నల్లజాతి స్త్రీ, పగ తీర్చుకోవటానికి సైలెన్స్ అనే మూగ తుపాకీవీరుణ్ణి పిలిపిస్తుంది. ఈ పాత్ర వొనెటా మెగీది. చిన్నతనంలో సైలెన్స్ తల్లిదండ్రులను తలవెల వేటగాళ్ళు చంపారు. సాక్ష్యం చెప్పకుండా అతని గొంతు కోశారు. అతనికి ఇవ్వవలసిన సొమ్ము కోసం పాలీన్ తన ఇంటిని అమ్మబోతే, పాలికట్ ఇంటికి బదులు ఆమె దేహాన్ని అడుగుతాడు. అప్పు, ఇల్లు, ఆడమనిషి ఒకే బేరంలోకి రావటం తెలుగు పాఠకుడికి వివరించి చెప్పనక్కరలేని సంగతి.

మంచి మనసున్న షెరీఫ్ ఒకడు కొత్తగా వస్తాడు. కొండల్లోని వారికి క్షమాభిక్ష రాబోతున్నదని నమ్మి, వారికి ఆహారం అందే ఏర్పాటు చేయబోతాడు. లోకోను బంధించి తీసుకుపోతూ గడ్డకట్టిన చెరువు దగ్గర మోసపోయి చనిపోతాడు. చివరికి ఆహారం కోసం కొండ దిగివచ్చిన పేదలను లోకో ముఠా మద్యశాలలో బంధించి ఎరగా పెడుతుంది. చేతులు రెండూ దెబ్బతిన్న సైలెన్స్ ఒంటరిగా వస్తాడు. చచ్చిపోతాడు. అతని తుపాకీ అందుకోబోయిన పాలీన్ చచ్చిపోతుంది. బందీలందరూ కాల్చివేతకు గురవుతారు. లోకో అంతా చట్టప్రకారమే జరిగిందని చెప్పి, సైలెన్స్ తుపాకీ తీసుకుని, గుర్రమెక్కి వెళ్ళిపోతాడు. ఈ హత్యాకాండ తరువాత తలవెల వేటగాళ్ళ మీద ప్రజాగ్రహం పెల్లుబికిందనీ, అక్కడ పడిన పేదల నెత్తురు మరక ఎన్నటికీ పోదని చెప్పే పలక ఒకటి ఆ ఊళ్ళో చాలాకాలం ఉండేదనీ తెలిపే అక్షరాలు తెర మీద వస్తాయి. చిత్రం అంతటితో ముగుస్తుంది.

3. ముందు ఎవరు తుపాకీ తీశారు?

ఈ చిత్రాన్ని నిరాశావాద చిత్రంగా కొట్టివేసేవారు ఒక చిన్న విషయాన్ని గమనించరు. సైలెన్స్ ఎప్పుడూ ముందుగా తుపాకీ తీయడు. ఎదుటివాణ్ణి రెచ్చగొట్టి, వాడు తీసేదాకా ఆగి, ఆ తరువాతనే కాలుస్తాడు. అప్పుడు అది ఆత్మరక్షణ అవుతుంది. చట్టం అతణ్ణి తాకలేదు. లోకో చంపేది తల మీద వెల ఉన్నవాళ్ళనే. అప్పుడు అది విధినిర్వహణ అవుతుంది. చట్టం అతణ్ణీ తాకలేదు. అంటే నాయకుడు, ప్రతినాయకుడు ఇద్దరూ డబ్బు తీసుకుని చంపేవారే. ఇద్దరూ చట్టం లోపల నిలబడే చంపేవారే. వెస్టర్న్ చిత్రాల్లో సాధారణంగా చట్టం ఇంకా చేరని చోట వీరుడు చట్టానికి బదులుగా నిలుస్తాడు. ఇక్కడ చట్టం అప్పటికే వచ్చి ఉంది, వ్యాపారి ఇంట్లో కూర్చుని ఉంది.

అందుకే లోకో సైలెన్స్ పన్నిన వలలో సులభంగా పడడు. మద్యశాలలో సైలెన్స్ అతణ్ణి ఎంత రెచ్చగొట్టినా తుపాకీ ముట్టకుండా దాన్ని పక్కన పెట్టి చేతులతో కొట్లాటకు దిగుతాడు. ఈ దృశ్యం చిత్రానికి గుండెకాయ. వీరుడి నైపుణ్యమంతా చట్టంలోని ఒక సందు మీద ఆధారపడి ఉంది. ఆ సందు తెలిసిన శత్రువు ఎదురైతే వీరుడు నిరాయుధుడే. చివరి దృశ్యంలో జరిగేదీ ఇదే. కనుక ముగింపు ఆకస్మికమని గాని, దర్శకుడు పంతం కోసం పెట్టాడని గాని అనటానికి వీలులేదు. మద్యశాల దృశ్యంలోనే అది తేలిపోయింది.

కోర్బుచ్చి మీద చే గువేరా, మాల్కం ఎక్స్‌ల హత్యల ప్రభావం ఉందని సినిమా చరిత్రకారులు చెబుతారు. మాల్కం ఎక్స్ 1965లో, చే గువేరా 1967 అక్టోబరులో హతులయ్యారు. ఈ సమాచారం ఉపయోగకరమే. అయితే చిత్రాన్ని ఆ ఇద్దరికి అంకితమిచ్చిన నివాళిగా మాత్రమే చదివితే సైలెన్స్ అమరుడవుతాడు. చిత్రం అతనికి ఆ గౌరవం ఇవ్వటం లేదు. శవం మంచులో పడి ఉంటుంది. జెండా లేదు, ఊరేగింపు లేదు, ఏడ్చే మనిషి కూడా మిగలలేదు.

4. మరొక ముగింపు

నిర్మాతల కోరిక మీద కోర్బుచ్చి మరొక ముగింపు కూడా చిత్రీకరించాడు. అందులో చనిపోయాడనుకున్న షెరీఫ్ గుర్రం మీద దూసుకొచ్చి లోకోను చంపుతాడు. సైలెన్స్ చేతికి ఇనుప తొడుగు ఉండటం వల్ల ప్రాణాలతో బయటపడతాడు. బందీలు విడుదలవుతారు. ఈ ముగింపు ఉత్తర ఆఫ్రికా వంటి మార్కెట్ల కోసం ఉద్దేశించినదని చెబుతారు. మిగిలిన ఆ రీలుకు శబ్దం లేదు. మూగవాడి కథకు మూగ ముగింపు దొరకటం యాదృచ్ఛికమే అయినా, చూసేవారికి నవ్వు రాక మానదు. గుర్రం వచ్చే తీరులో, ఇనుప తొడుగు బయటపడే తీరులో దర్శకుడికి దాని మీద నమ్మకం లేదన్నది దాచకుండా కనిపిస్తుంది.

అసలు ముగింపుతో వచ్చిన చిత్రం ఐరోపాలో ఆదరణ, విముఖత రెండూ చూసింది. అమెరికా థియేటర్లలో దశాబ్దాల పాటు దానికి చోటు లేదు. పునరుద్ధరించిన ప్రతి అక్కడ 2018లో, అంటే తయారైన యాభై ఏళ్ళకు, సక్రమంగా విడుదలైంది. ఈలోగా దర్శకుడు అలెక్స్ కాక్స్ వంటివారు దాన్ని ఇటలీ వెస్టర్న్‌లలో అగ్రశ్రేణిలో నిలబెట్టారు. క్వెంటిన్ టరంటీనో మంచు నేపథ్యంలో 2015లో తీసిన 'ది హేట్‌ఫుల్ ఎయిట్' మీద దీని నీడ స్పష్టంగా ఉంది. మెచ్చినవారు దీన్ని రాజకీయ చిత్రం అంటారు. మెచ్చనివారు ప్రేక్షకుణ్ణి వంద నిమిషాలకు పైగా కూర్చోబెట్టి చెంపదెబ్బ కొట్టి పంపిన చిత్రం అంటారు. రెండో మాటను తేలికగా తీసుకోరాదు. వీరుడి పక్షాన నిలబడమని చిత్రమే అడిగింది. అతని బాల్యం చూపింది, ప్రేమ చూపింది, పగకు కారణం చూపింది. అంత అడిగి చివరికి చేతులు ఖాళీగా పంపితే, మోసపోయానన్న ప్రేక్షకుడి ఫిర్యాదు అమాయకమైనది కాదు.

ఈ మరో ముగింపులో గమనించవలసింది దాని చిరునామా. పేదదేశాల ప్రేక్షకుడు ఓటమిని భరించలేడన్న అంచనా అందులో ఉంది. నిజ జీవితంలో లోకోలనూ పాలికట్‌లనూ దగ్గరగా చూసినవాడికి ఊరట పంపి, దూరంగా ఉన్నవాడికి సత్యం పంపాలన్న లెక్క ఎక్కడిది? ఆ లెక్క సరైనదేనా? దీనికి జవాబు పేదదేశాల వైపు నుంచే వెతకాలి. ఉద్దానం వైపు చూపు తిప్పటం ఇందుకే.

5. ఉద్దానం

పలాస, కాశీబుగ్గ జంట పట్టణాలు. హౌరా–చెన్నై రైలుమార్గం మీద ఉన్న పలాసలో జీడిపిక్కల వ్యాపారం ప్రధానం. దక్షిణాన టెక్కలి, ఉత్తరాన ఇచ్ఛాపురం, తూర్పున సముద్రం, పడమట మహేంద్రగిరి వైపు కొండలు. నడుమ కొబ్బరి, జీడి, పనస తోటల నేల ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానంగా మారిందని స్థానికులు చెప్పుకుంటారు. పైకి తోటలా కనిపించే ఈ నేల మీద అడవి ఎవరిది, పంట ఎవరిది అన్న తగువు చాలా పాతది.

1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. జమీందారు అడవి నుంచి కలప తెచ్చుకున్న రైతులను పట్టుకోవటానికి వచ్చిన పోలీసులను గ్రామస్థులు అడ్డుకున్నారు. గర్భిణి అయిన గున్నమ్మ ముందు నిలిచి తూటాలకు నేలకొరిగింది. వీరగున్నమ్మగా ఆమె పేరు ఈ ప్రాంతంలో నిలిచిపోయింది. నిన్నటిదాకా వంటచెరకుగా ఉన్నది కాగితం మీద ఒక్క గీతతో దొంగసొత్తుగా మారటం, తెచ్చుకున్నవాడు నేరస్థుడు కావటం ఈ ఘటనలో ఉన్న అసలు విషయం. స్నో హిల్ కొండల్లో తలదాచుకున్నవారిది కూడా ఇదే కథ. వారు పుట్టుకతో బందిపోట్లు కారు. ఒక ప్రకటన వారిని బందిపోట్లను చేసింది.

1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలో, మొండెంఖల్ సభకు నడిచి వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న అనే ఇద్దరు మరణించారు. ఆ కేసులో నిందితులు 1968లో కోర్టు నుంచి నిర్దోషులుగా బయటికి వచ్చారు. శ్రీకాకుళ సాయుధ పోరాటం అంతకు ముందటి సంఘపోరాటాల నుంచి వేరే దారి పట్టటానికి ఈ తీర్పు ఒక ముఖ్య కారణమని చరిత్ర రాసినవారు చెబుతారు. 1968 నవంబరు చివరి వారంలో సోంపేట దగ్గర గరుడభద్రలో పంటకోత ఘటనతో ఉద్యమం ఉద్దానంలో బహిరంగమైంది. పలాస దగ్గరి బొడ్డపాడు దానికి కేంద్రమయింది. నాయకుల తలలకు వెలలు పలికిన కాలం అది. పంచాది కృష్ణమూర్తి 1969 మే నెలలో, జముకుల కథకుడు, కవి సుబ్బారావు పాణిగ్రాహి అదే ఏడాది డిసెంబరులో, వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం 1970 జూలైలో మరణించారు. బొడ్డపాడులో అమరుల స్మారకం ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉద్దానపు చరిత్రను కోర్బుచ్చి కథతో ఒకటికి ఒకటిగా జతచేస్తే రెంటికీ అన్యాయం జరుగుతుంది. సైలెన్స్ ఏ సంఘానికీ చెందినవాడు కాడు. అతడు కూలికి వచ్చిన ఒంటరి. శ్రీకాకుళంలో నడిచినవారు ఒంటరులు కారు. వారి మార్గం సరైనదా కాదా అన్న తర్కం ఈ జిల్లాలో నేటికీ తెగలేదు. పోలిక వ్యక్తుల మధ్య కాదు, పరిస్థితి నిర్మాణం మధ్య. ముందు అప్పు, తరువాత నేరం, దాని వెంట తలవెల, కోర్టు, చివరికి స్మారకఫలకం. ఈ క్రమం తెలిసిన ప్రేక్షకుడికి 'ది గ్రేట్ సైలెన్స్' చివర వచ్చే అక్షరాలు దర్శకుడు అతికించిన నీతివాక్యంలా తోచవు. బొడ్డపాడు మీదుగా వెళ్ళేవాడు అటువంటి అక్షరాలను రోజూ చూస్తూనే ఉంటాడు.

6. 'యజ్ఞం' చదివిన పాఠకుడు

పేదదేశపు ప్రేక్షకుడు ఓటమిని భరించలేడన్న అంచనాకు సాహిత్యం నుంచి గట్టి జవాబు ఒకటి ఈ జిల్లాలోనే ఉంది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కోర్బుచ్చి చిత్రం కంటే ముందు, 1960ల నడుమ వెలువడింది. అప్పల్రాముడు అనే రైతు గోపన్న అనే షావుకారుకు బాకీ పడతాడు. ఊరి పెద్ద శ్రీరాములు నాయుడు సమక్షంలో తగువు నడుస్తుంది. దౌర్జన్యం ఏమీ జరగదు. పెద్దలు ఓపికగా వింటారు. షావుకారు కూడా దుర్మార్గుడేమీ కాడు, తానూ చితికిపోయినవాడే. ధర్మం ప్రకారం బాకీ తీర్చాలని తేలుతుంది. అప్పల్రాముడు తలవంచి భూమి ఇవ్వటానికి ఒప్పుకుంటాడు. అప్పుడు అతని కొడుకు సీతారాముడు, బిడ్డ కూడా బానిసగా బతకకూడదని, సొంత కొడుకును నరికి తెచ్చి పెద్దల ముందు పడేస్తాడు.

ఈ ముగింపు తెలుగు పాఠకలోకాన్ని రెండుగా చీల్చింది. అసహజమన్నవారు, అమానుషమన్నవారు, పోరాటానికి బదులు ఆత్మవినాశనం చూపిందన్నవారు ఒక వైపు. వ్యవస్థ గుట్టు ఇంతకంటే తేటగా చెప్పటం సాధ్యం కాదన్నవారు మరో వైపు. ఆ చర్చ ఏళ్ళ తరబడి సాగింది. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చిన తరువాత కూడా అది చల్లారలేదు.

'యజ్ఞం', 'ది గ్రేట్ సైలెన్స్' ఒకదానినొకటి ఎరగవు. అయినా రెంటి ముగింపుల మీద వచ్చిన ఆగ్రహానికి మూలం ఒకటే. రెండు చోట్లా తీర్పు పద్ధతి తప్పకుండానే వచ్చింది. ఒకచోట ధర్మం, మరోచోట చట్టం. మోసం, దౌర్జన్యం కనబడితే పాఠకుడికి కోపం తీర్చుకోవటానికి ఒక ముఖం దొరుకుతుంది. పద్ధతి సవ్యంగా ఉండి ఫలితం భయంకరంగా ఉన్నప్పుడు ఆ కోపం దిక్కులేక రచయిత మీదికి, దర్శకుడి మీదికి తిరుగుతుంది. ముగింపును నిందించేవారు అబద్ధమాడటం లేదు. వారికి కలిగిన బాధ నిజమే. ఆ బాధను పాలికట్‌కు, పంచాయితీకి చెందవలసిన చోట కాక కథకుడి ఖాతాలో వేశారన్నదే అభ్యంతరం.

రెంటి మధ్య భేదం కూడా చెప్పుకోవాలి. కారా మాస్టారు పాఠకుణ్ణి ఎక్కడా వీరుడి పక్షాన పోగుచేయలేదు. చివరి దాకా తగువు వినిపించి, ఎవరి మాట వారికి సబబుగా తోచేటట్టు చేశాడు. కోర్బుచ్చి వీరుణ్ణి చూపి ఆశ పెంచాడు. కనుక 'యజ్ఞం' పాఠకుడికి కలిగేది దిగ్భ్రమ, చిత్రం చూసినవాడికి కలిగేది దిగ్భ్రమతో కూడిన వంచన. కళగా చూస్తే 'యజ్ఞం' పద్ధతి మరింత కఠినం, మరింత నిజాయితీ గలది. కోర్బుచ్చి ప్రతిభ తక్కువదని దీని అర్థం కాదు. ఒక వినోద రూపాన్ని దాని లోపలి నుంచి పగలగొట్టదలచినవాడికి ముందు ఆ రూపం పెట్టే ఆశలన్నీ పెట్టక తప్పదు.

7. తెలుగు తెర మీదికి వచ్చినది ఏది?

లియోనె చిత్రాల ఊపు తెలుగుకు 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు'తో వచ్చింది. పద్మాలయా సంస్థ నిర్మాణం, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన, కృష్ణ నాయకుడు. రాజస్థాన్ ఎడారిలో చిత్రీకరించి, గుర్రాలు, టోపీలు, తుపాకులు తెలుగు మాటతో కలిపి మెప్పించటం ఆ రోజుల్లో సాహసం. నిధి కోసం వెతుకులాట, తల్లిదండ్రుల హత్యకు పగ దాని కథకు ఇరుసులు. 1990లో 'కొదమసింహం', 2002లో 'టక్కరి దొంగ' ఆ తోవనే నడిచాయి. వెస్టర్న్‌లోని నిధి తెలుగుకు వచ్చింది. వడ్డీ వ్యాపారి, తలవెల, చట్టం రాలేదు. పార్వతీపురం కుట్ర కేసు నడుస్తున్న రోజుల్లో తెలుగు తెర తన వెస్టర్న్ కోసం రాజస్థాన్ దాకా వెళ్ళింది. అందుకు తప్పుపట్టనక్కరలేదు. వినోదానికి దాని హక్కులు దానికి ఉన్నాయి. కాని ఆ దూరం గుర్తుంచుకోదగినది.

తెలుగు ప్రేక్షకుడు వీరుడి చావును ఒప్పుకోడు కనుక అటువంటి కథలు రాలేదన్న సమాధానం తరచు వినిపిస్తుంది. అదీ నిలవదు. అదే పద్మాలయా, అదే కృష్ణ 1974లో 'అల్లూరి సీతారామరాజు' తీస్తే, నాయకుడు తూటాలకు బలైన ఆ చిత్రానికి జనం పోటెత్తారు. ఉత్తరాంధ్రలో తరతరాలుగా పాడుకున్న బొబ్బిలి కథలో కోట మొత్తం బూడిదవుతుంది. పల్నాటి బాలచంద్రుడు బతికి తిరిగి రాడు. జనం వీటిని ఏడుస్తూ విన్నారు, మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. అయితే ఈ కథల్లో లెక్క ఎక్కడో ఒకచోట సరిపోతుంది. బొబ్బిలిలో తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలో దూరి పగ తీర్చుకున్నాకనే ప్రాణం విడుస్తాడు. అల్లూరి మరణానికి దేశం వారసురాలు. సైలెన్స్ చావుకు పగ తీర్చేవాడు లేడు, వారసత్వం లేదు. తెలుగు ప్రేక్షకుడికి పరిచయం లేనిది వీరుడి మరణం కాదు, తీరని బాకీ. కొత్తగా ఏర్పడిన ఈ అడ్డంకిని 'యజ్ఞం' కథలో దాటగలిగింది, సినిమా చాలాకాలం దాటలేదు.

8. 'పలాస 1978'

2020 మార్చి 6న విడుదలైన 'పలాస 1978' చిత్రాన్ని ఎవరూ వెస్టర్న్ అనలేదు. గుర్రం లేదు, ఎడారి లేదు. దర్శకుడు కరుణకుమార్ కథారచయిత కూడా. జానపద కళాకారుల కుటుంబంలో పుట్టిన మోహనరావు, రంగారావు అనే దళిత సోదరులు, పట్టణాన్ని శాసించే షావుకారు కుటుంబపు తగువుల్లోకి ఎలా లాగబడ్డారో, ఎలా వాడబడ్డారో ఈ చిత్రం 1978 నుంచి నాలుగు దశాబ్దాల మీద చెబుతుంది. రక్షిత్, తిరువీర్ సోదరులుగా నటించారు. రఘు కుంచె సంగీతం సమకూర్చి, షావుకారు పాత్ర కూడా పోషించాడు.

వెస్టర్న్ ఎముకలు ఈ కథలో స్పష్టంగా ఉన్నాయి. రైలు ఆగే వ్యాపార పట్టణం, ఊరిని గుప్పిట పెట్టుకున్న ధనికుడు, అతని తరఫున కొట్టే చేతులు, చట్టం తరఫున వచ్చిన అధికారి. సెబాస్టియన్ అనే ఆ పోలీసు అధికారి పాత్ర స్నో హిల్ షెరీఫ్‌ను గుర్తుకు తెస్తుంది. ఇద్దరికీ చట్టం మీద నమ్మకం ఉంది, ఇద్దరికీ చట్టం ఎవరి చేతుల్లో ఉందో చూడక తప్పలేదు. ముఖ్యమైన తేడా వీరుడి పుట్టుకలో ఉంది. వెస్టర్న్ వీరుడు ఎక్కడినుంచో వస్తాడు, ఎక్కడికో పోతాడు. అతనికి వెనుక ఊరు లేదు, కులం లేదు. పలాసలో ఎవరూ ఎక్కడినుంచో రాలేరు. పేరు చెప్పగానే వీధి తెలుస్తుంది, వీధి చెప్పగానే కులం తెలుస్తుంది. ఒంటరి వీరుడన్న ఊహ ఇక్కడ నడవదని ఈ చిత్రం చూపిన తీరే దాని అసలు విజయం. కోర్బుచ్చి మూగతనంతో సాధించినదాన్ని కరుణకుమార్ కులంతో సాధించాడు.

ఈ చిత్రానికీ స్పందన రెండు విధాలుగానే వచ్చింది. యాస, మనుషుల ముఖాలు, పాటలు, కులాన్ని చాటుమాటుగా కాక పేరుపెట్టి మాట్లాడటం మెప్పు పొందాయి. నెత్తురు ఎక్కువైందన్న మాట, రెండో సగం నడక తడబడిందన్న మాట కూడా వినిపించాయి. రెండోదానిలో నిజం ఉంది. నలభై ఏళ్ళ కాలాన్ని ఒక్క చిత్రంలో ఇమిడ్చే తొందరలో కొన్ని చావులు వార్తల్లా దాటిపోతాయి. మొదటి ఫిర్యాదు మాత్రం ఆలోచించవలసినది. తెలుగు తెర మీద నెత్తురు కొత్తది కాదు. ప్రతి పండగకూ వచ్చే పెద్ద చిత్రాల్లో వందల మంది నేలకూలినా ఎవరూ లెక్కపెట్టరు. అక్కడ చచ్చినవాడికి ఇల్లు, వీధి ఉండవు. పలాసలో చచ్చినవాడికి అవి ఉన్నాయి. ప్రేక్షకుడు ఎక్కువైందన్నది నెత్తురా, ఆ చిరునామానా?

విడుదలైన కొద్ది రోజులకే కరోనా కారణంగా థియేటర్లు మూతపడ్డాయి. ఈ చిత్రం మీద చర్చ ఇళ్ళలోని చిన్న తెరల ముందుకు మారింది. హాలులో పదిమంది నడుమ కూర్చుని చూసే ముగింపు వేరు, ఒంటరిగా చూసి కట్టేసే ముగింపు వేరు. పలాస, టెక్కలి హాళ్ళలో ఈ ప్రాంతపు జనం తమ యాసలోని ఈ కథకు కలిసి ఎలా స్పందించి ఉండేవారో పూర్తిగా తెలిసే అవకాశం ఆ మార్చి నెలతోనే పోయింది. 'ది గ్రేట్ సైలెన్స్' అమెరికా హాళ్ళకు చేరటానికి యాభై ఏళ్ళు పట్టింది. 'పలాస 1978' తన సొంత ఊళ్ళో హాళ్ళ తలుపులు తిరిగి తెరిచాక మళ్ళీ తెరకెక్కితే, ప్రశ్న మంచి ముగింపా చెడ్డ ముగింపా అన్నదాని దగ్గర ఆగదు. ఊరి నడుమ తగువు తీర్చిన పెద్దలు, ఆ తగువు ఓడినవారి మనవలు అదే హాలులో ఒకే టికెట్టు కొని కూర్చుంటారు.